రెండు ఎడమ చేతుల గౌను

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమె పుట్టిల్లు ఒంగోలు. పదకొండేళ్ళుగా నెబ్రాస్కాలోనే ఉద్యోగం. కూతురికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. ఆ క్లాసులో పిల్లలకి తమ రాష్ట్ర చరిత్ర పాఠం. అందులో భాగంగా ఒక రోజంతా పాతకాలపు ఒంటిగది బడికి తీసుకెళ్తున్నారు. పలక మీద రాయడం, డబ్బాలో అన్నం తెచ్చుకోవడం, గంట కొడితే వరసలో నిలబడడం, అన్నీ 19వ శతాబ్దంలో ప్రెయిరీ గడ్డి మైదానాల్లో కాపురం పెట్టిన రైతుల పిల్లల్లాగే. ఇష్టమైతే ఆ కాలపు బట్టలు వేసుకుని రావచ్చనీ, తప్పనిసరేం కాదనీ టీచరు కాగితం పంపారు. ఆడపిల్లలకైతే చిన్న పువ్వుల గౌను, దాని మీద ఏప్రన్, తలకి బానెట్ అనే ఎండ టోపీ.

"నేనే కుడతాను" అని ఈ తల్లి కూతురికి మాటిచ్చారు. దానికి వెనక ఒక కథ ఉంది. చిన్నప్పుడు బళ్ళో నవంబరు 14న ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉంటే, వాళ్ళమ్మకి ఉద్యోగంతో తీరిక దొరక్క, పక్కింటి అమ్మాయి పాత గౌను పిన్నీసులు పెట్టి వేసి పంపారట. స్టేజీ మీద ఒక పిన్నీసు ఊడింది. నా కూతురికి మాత్రం నా చేత్తోనే కుడతానని అప్పుడే అనుకున్నానని రాశారు. కుట్టుపని రాదు. వీడియోలు చూసి, నాలుగు గజాల గుడ్డ, పేపర్ ప్యాటర్న్, ఒక చిన్న మిషను కొన్నారు. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని కుట్టి, పాపకి తొడిగి చూస్తే కుడి చెయ్యి పైకి లేవలేదు. భుజం దగ్గర గుడ్డ మెలిపడి లాగేసింది. తర్వాత తెలిసిందేమిటంటే, గౌనుకి రెండూ ఎడమ చేతులే కత్తిరించారు.

అత్తగారు తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చి ఉన్నారు. ఆవిడ ముప్పై ఏళ్ళు ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, పరికిణీలు కుట్టిన మనిషి. మొదట్లో "నేను కుట్టనా అమ్మాయ్" అని అడిగితే కోడలు "వద్దత్తయ్యా, ఇది నేనే కుట్టాలి" అన్నారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. చేతులు తప్పిన మర్నాడు కోడలు ఆఫీసుకి వెళ్ళి వచ్చేసరికి, ఆ తప్పు చెయ్యి విప్పేసి, మిగిలిన గుడ్డలో కుడి చెయ్యి కత్తిరించి, ఎక్కించి, కింద రెండు టక్కులు కూడా వేసి, ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంచారు. కోడలికి ఒళ్ళు మండింది. "మిమ్మల్ని ఎవరు ముట్టుకోమన్నారు?" అని అరిచేశారు. అత్తగారు మారు మాట్లాడలేదు. మూడు రోజులుగా అన్నం దగ్గర తప్ప బయటికి రావడం లేదు. భర్త "35 డాలర్లకి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తెప్పించేద్దాం, ఈ గొడవెందుకు" అంటున్నారు.

ఇంతలో పాప ఇంకో మాట అంది. "నేను అది వేసుకోను. నువ్వు ఇండియన్‌వి కదా, నువ్వు ఈకలు పెట్టుకోవాలి, గౌను నీది కాదు అని ఒకబ్బాయి అన్నాడు. అప్పట్లో నాలాంటి వాళ్ళు లేరట కదా."

ఇంకా పన్నెండు రోజులుంది. కొనేయనా, అత్తయ్యకి ఏమని చెప్పను, పాపకి ఏం చెప్పను, ఇవీ ఆమె ప్రశ్నలు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో మూడున్నర గౌను గురించి, అత్తయ్యగారి గురించి రాశారు. పాప అన్న మాట చివరి అయిదు లైన్లలో ఉంది. మీకు అది చిన్న విషయమని కాదు, అది రాసేటప్పటికి చెయ్యి బరువెక్కి ఉంటుంది. అయినా నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఎందుకంటే గౌను కొన్నా, కుట్టినా, అత్తయ్యగారు మాట్లాడినా మాట్లాడకపోయినా, పాప మనసులో ఆ మాట అలాగే ఉండిపోతుంది.

ముందు ఆ అబ్బాయి అన్నది పూర్తిగా ఏమిటో తెలుసుకోండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే తొమ్మిదేళ్ళ పిల్ల ముడుచుకుపోతుంది. కారులో వెనక సీట్లో ఉన్నప్పుడో, జడ వేస్తున్నప్పుడో అడగండి. మొహాలు ఎదురుపడకుండా ఉంటే మాట సులువుగా వస్తుంది. ఒక్కసారే అన్నాడా, రోజూ అంటున్నాడా? పక్కన ఇంకెవరైనా నవ్వారా? టీచరు విన్నారా? వీటికి జవాబులు వస్తే గానీ మీరు స్కూలుకి రాయాలో వద్దో తేలదు.

తర్వాత, నిజం చెప్పండి. "మనవాళ్ళు కూడా అప్పుడు అక్కడున్నారు" అని బుజ్జగించకండి. 1870ల నెబ్రాస్కాలో మన తెలుగు పిల్లలు పొలం గట్ల మీద నడిచారని చెప్పుకోవడానికి మనకి ఆధారం లేదు, పాప పెద్దయ్యాక అది పట్టుకుంటుంది. కానీ ఆ అబ్బాయి చెప్పింది కూడా నిజం కాదు. వాడి మాటలో రెండు తప్పులున్నాయి. రెండూ పాపకి తెలియాలి.

మొదటిది, ఆ నేల మీద ముందు నుంచీ ఉన్నవాళ్ళ సంగతి. అమెరికాలో వాళ్ళనీ ఇండియన్లనే పిలుస్తూ వచ్చారు, ఆ అబ్బాయి కలిపేసింది అదే. పానీ, ఒమాహా, పోంకా, ఓటో, ఇలా ఎన్నో జాతుల వాళ్ళ ఊళ్ళు అక్కడుండేవి. మీ పక్క నగరానికి ఒమాహా అన్న పేరు వాళ్ళదే. వాళ్ళు ఈకలు పెట్టుకునే బొమ్మలు కాదు. 1877లో పోంకా వాళ్ళని సొంత ఊళ్ళ నుంచి దక్షిణాదికి, ఇప్పటి ఓక్లహామాకి తరలించారు. అక్కడ చాలామంది రోగాలతో పోయారు. స్టాండింగ్ బేర్ అనే పెద్దాయన కొడుకు కూడా పోయాడు. నన్ను నయోబ్రారా నది దగ్గర మన నేలలోనే పూడ్చమని ఆ పిల్లవాడు అడిగితే, తండ్రి ఆ శవాన్ని తీసుకుని చలికాలంలో వెనక్కి బయల్దేరాడు. ఆయన్ని పట్టుకున్నారు. 1879లో ఒమాహా కోర్టులో కేసు నడిచింది. చట్టం ముందు ఆయనా ఒక మనిషేనని జడ్జి తీర్పు చెప్పాడు. అది చెప్పడానికి ఒక కోర్టు కావలసి వచ్చింది. మీ పాప చదువుతున్న రాష్ట్ర చరిత్ర ఇదే. "ఇండియన్‌వి కాబట్టి ఈకలు" అన్నవాడు మీ పాపనే కాదు, వాళ్ళని కూడా చిన్నబుచ్చాడు. ఈ ముక్క పాపకి అర్థమైతే, నొప్పి కాస్త తన ఒక్కదాని మీద నుంచి జరుగుతుంది. పొరపాటున కూడా "సరే అయితే ఈకలే పెడదాం" అనకండి. అది వేషం వేసుకునే వస్తువు కాదు.

రెండోది, గౌన్లు వేసుకున్న వాళ్ళందరూ ఒకే రంగు వాళ్ళని వాడు అనుకోవడం. 1862లో లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, అయిదేళ్ళు అక్కడే ఉండి ఇల్లు కట్టి సేద్యం చేసిన వాళ్ళకి 160 ఎకరాలు ఇచ్చారు. వచ్చిన వాళ్ళలో జర్మన్లు, చెక్ జాతివాళ్ళు, స్వీడన్ వాళ్ళు, ఇంగ్లీషు ముక్క రాని వాళ్ళు ఎంతోమంది. బానిసత్వం నుంచి బయటపడి వచ్చిన నల్లజాతి కుటుంబాలూ ఉన్నాయి. పక్కనున్న కాన్సస్‌లో నికోడెమస్ అనే ఊరు 1877లో వాళ్ళు కట్టుకున్నదే. మీ నెబ్రాస్కాలోనే సోలమన్ బుచర్ అనే ఫొటోగ్రాఫర్ కస్టర్ కౌంటీలో బండి కట్టుకుని తిరిగి, మట్టి ఇళ్ళ ముందు కుటుంబాలని నిలబెట్టి వందలాది ఫొటోలు తీశాడు. గడ్డి వేళ్ళతో సహా పెళ్ళలుగా కోసిన మట్టిని ఇటుకల్లా పేర్చి కట్టిన ఇళ్ళవి, ఆ మైదానంలో చెట్లు తక్కువ కదా. ఆ ఫొటోల్లో 1887లో తీసిన షోర్స్ కుటుంబం ఫొటో ఒకటుంది. నల్లజాతి కుటుంబం, తమ మట్టి ఇంటి ముందు. కంప్యూటర్లో తేలిగ్గా దొరుకుతుంది. మీరేమీ వ్యాఖ్యానం చెయ్యకుండా పాప పక్కన కూర్చుని చూడండి. పిల్లలు ఫొటోని మనకంటే బాగా చూస్తారు. ప్రశ్నలు తనే అడుగుతుంది.

వేషం అంటే నా పూర్వీకులు వీళ్ళని చెప్పుకోవడం కాదు కదా. మన బళ్ళలో ఆగస్టు 15కి ఎంతమంది తెలుగు ఆడపిల్లలు ఝాన్సీ లక్ష్మీబాయి వేషం వెయ్యలేదు? మీరు కూడా చూసే ఉంటారు. ఆ పిల్లది ఝాన్సీయా అని ఎవరూ అడగరు.

ఇంకొక్క సంగతి, ఇది మీ పాపకి నచ్చుతుందని నా ఆశ. మీరు కొన్న ఆ చిన్న పువ్వుల గుడ్డని అక్కడ క్యాలికో అంటారు. ఆ పేరు కేరళలోని కోళిక్కోడుది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని కాలికట్ అన్నారు, ఆ రేవు నుంచి వచ్చే నూలు గుడ్డ క్యాలికో అయింది. పువ్వుల అద్దకం సంగతికొస్తే మన మచిలీపట్నమే ఉంది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు అక్కడ దుకాణం పెట్టింది ఈ గుడ్డల కోసమే. కోరమండల్ అనే మన తూర్పు తీరం అద్దకపు గుడ్డలు ఇంగ్లండులో ఎంత మోజు తెచ్చాయంటే, తమ నేతగాళ్ళ గొడవ పడలేక అక్కడి పార్లమెంటు 1721లో అచ్చువేసిన నూలు బట్టలు చాలావాటిని వాడకూడదని చట్టమే చేసింది. ఆ తర్వాత వాళ్ళే మరల మీద ఆ పువ్వుల్ని అచ్చువేయడం నేర్చుకున్నారు. ప్రెయిరీ మీద అమ్మలు కొన్నది మచిలీపట్నం గుడ్డని మాత్రం చెప్పకండి. ఆనాటికి అది మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్ మిల్లులది. వాటికి పత్తి అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చేది, అక్కడి అంతర్యుద్ధం దాకా అది బానిసలు పండించిన పత్తే. అయినా ఆ గుడ్డ పేరులోనూ పువ్వులోనూ మన తీరం ఉంది. "గౌను నీది కాదు" అన్నవాడికి పాప జవాబు చెప్పాలని కాదు. తనకి తెలిసి ఉంటే చాలు.

టీచరుకి రాయాలా అంటే, రాయవచ్చు, రాయకపోవచ్చు. ఒక్కసారి అన్న మాటైతే, పాప వద్దంటే, ఇప్పటికి ఆగవచ్చు. అలా ఆగితే ఆ రోజు బడిలో మళ్ళీ అదే మాట వినిపించినప్పుడు పాప ఒక్కతే ఎదుర్కోవాలి. రాస్తే టీచరు ముందే క్లాసులో పోంకాల గురించి, షోర్స్ కుటుంబం గురించి ఒక పాఠం చెప్పే వీలుంటుంది. కానీ ఎవరు చెప్పారో పిల్లలు పసిగట్టి మీ పాపని చాడీలు చెప్పేదని అనవచ్చు. నేనైతే ఆ అబ్బాయి పేరు రాయకుండా, "క్లాసులో ఇలాంటి మాట వచ్చింది, ఆ రోజుకి ముందు ఈ మైదానాల్లో ఎవరెవరు ఉండేవారో పిల్లలకి చెప్పగలరా" అని రెండు లైన్లు రాస్తాను. రాసే ముందు పాపకి చూపించి రాస్తాను. మాట పడింది తను, తనకి తెలియకుండా ఏదీ వెళ్ళకూడదు.

ఇక అత్తయ్యగారి సంగతి.

మీకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. రెండు వారాల నిద్ర మీరు ఆ గుడ్డలో పెట్టారు. తప్పయినా అది మీ తప్పు, దిద్దుకుంటే మీరే దిద్దుకోవాలనుకున్నారు. వచ్చి చూసేసరికి అది మీ చేతుల్లోంచి వెళ్ళిపోయి, పక్కాగా, ఇస్త్రీ మడతతో ఎదురుగా వేలాడుతోంది. పక్కింటి పిల్ల గౌను వేసుకున్న రోజు మళ్ళీ గుర్తొచ్చి ఉంటుంది. ఇంకొకరు కుట్టినది నా బిడ్డకి వద్దన్న పట్టుదల ఒంగోలు స్టేజీ మీద మొదలైంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే ఆ పిన్నీసు మీకు గుచ్చుకుంది, మీ పాపకి కాదు. పాపకి నానమ్మ కుట్టిన గౌను పరాయిది కాదు.

అత్తయ్యగారి వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి. ముప్పై ఏళ్ళు ఇంటి వసారాలో మిషను తొక్కిన మనిషికి ఒక మర్యాద అలవాటైపోతుంది. కుట్టు తప్పితే ఆ మనిషి చూడకముందే విప్పెయ్యాలి, ఎవరికీ చెప్పకూడదు. పెళ్ళి జాకెట్టు చెయ్యి బిగిసిందని తెలిస్తే రాత్రికి రాత్రే కుట్టు విప్పి లోపలి గుడ్డ వదిలి మళ్ళీ కుడతారు, పొద్దున్న ఏమీ జరగనట్టు ఇస్తారు. ఆవిడ మీకు చేసింది అదే. మీ తప్పు నలుగురికీ చూపించడానికి కాదు, కనపడకుండా చెయ్యడానికి. "మీరు ముట్టుకోవద్దు" అని మీరు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి అడక్కుండా ముట్టుకోవడం ఆవిడ వైపు పొరపాటే. అది నేను కాదనను. రెండూ నిజమే.

అందుకే క్షమాపణ చెప్పేటప్పుడు రెండూ చెప్పండి. అరిచినందుకు మాత్రం చెప్పి ఊరుకుంటే మీ మనసులో మిగిలింది మళ్ళీ ఇంకో రోజు బయటికొస్తుంది. "అత్తయ్యా, ఆ రోజు అలా అరవకూడదు, తప్పు నాది. చెయ్యి మీరు మార్చకపోతే గౌనే పనికిరాకుండా పోయేది. కానీ నాతో ఒక్క మాట చెప్పి ఉంటే మీ పక్కన కూర్చుని నేర్చుకునేదాన్ని." ఇంతే. మీ ఆయన్ని రాయబారానికి పంపకండి. కొడుకు వచ్చి "అమ్మా, అది బాధపడుతోంది" అంటే, ఆవిడకి కోడలు రాలేదన్నదే గుర్తుంటుంది.

ఆవిడ "నాకేం కోపం లేదమ్మా" అని మొహం తిప్పుకుని కూరగాయలు తరుక్కోవచ్చు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ కోపం ఒక్క మాటతో దిగదు, పనితో దిగుతుంది. ఆ రాత్రే గౌను తీసుకెళ్ళి "వెనక కాజాలు చేత్తో ఎలా కుట్టాలో చూపించండి" అని అడగండి. కావాలని నాటకం ఆడమని కాదు, మీకు నిజంగానే రాదు కదా. కాజా కుట్టడం మాటల్లో చెప్పలేరు, పక్కన కూర్చుని సూది మీద దారం ఎటు చుట్టాలో వేలితో చూపించాల్సిందే. పది నిమిషాల్లో ఆవిడ మీ చేతిలోంచి గుడ్డ లాక్కుని "ఇటివ్వు" అంటే, అనుకోండి, సగం పని అయిపోయినట్టే.

గౌను విషయానికొస్తే మీకు నాలుగు దారులున్నాయి.

మీ ఆయన చెప్పినట్టు కొనేయడం తప్పేం కాదు. పన్నెండు రోజుల్లో ఆఫీసు పని ఎక్కువగా ఉంటే అదే మంచిదేమో. టీచర్లు ఎవరు కుట్టారో చూడరు. అలా దొరికేవి ఎక్కువగా జారే సింథటిక్ గుడ్డ, వెనక జిప్పు, పాదాల దాకా పొడవు. పిల్లలకి ఆ కాలంలో గౌను పిక్కల దాకానే ఉండేది, పరిగెత్తాలి, పనులు చెయ్యాలి కదా. మీ పాప బస్సు ఎక్కాలి. పొడవుంటే కింద మడిచి కుట్టండి. కానీ కొంటే మాత్రం ముందు అత్తయ్యగారికి మీరే చెప్పండి. ఆవిడ బాగుచేసిన గౌను కుర్చీకి వేలాడుతుండగా గుమ్మంలోకి ఇంకో గౌను పెట్టె వచ్చి దిగితే, ఎన్ని మాటలు చెప్పినా ఆవిడకి తన పని పనికిరాలేదన్నట్టే ఉంటుంది.

మొత్తం అత్తయ్యగారికి అప్పగించడం ఇంకో దారి. అందరిలోకి మంచి గౌను పాపదే అవుతుంది. ఆవిడ మళ్ళీ ఇంట్లో తిరుగుతారు. మీ మాట మాత్రం నెరవేరదు. అది మీకు ఎంత బరువో మీకే తెలియాలి. రెండు రోజుల్లో మర్చిపోగలిగితే ఇదే సులువు. ప్రతి ఫొటోలోనూ గుర్తొస్తుందనుకుంటే వద్దు.

పాప "నేను వేసుకోను" అంటే వేసుకోకుండా పంపడం కూడా ఒక దారే. టీచరు తప్పనిసరి కాదన్నారు. ఆ రోజు చుట్టూ అందరూ వేసుకుని వస్తే పాప మధ్యాహ్నానికి ఏడవవచ్చు, లేదా హాయిగా ఉండవచ్చు. గౌను మడిచి సంచిలో పెట్టి "నీ ఇష్టం" అనండి. బలవంతంగా తొడిగితే ఆ అబ్బాయి అన్న మాట పక్కన మీ బలవంతం కూడా చేరి గుర్తుండిపోతుంది.

నాకు బాగుందనిపించేది పని పంచుకోవడం. గౌను ఇప్పటికే ఆవిడ చేతి మీదుగా వెళ్ళింది కాబట్టి అది మీ ఇద్దరిదీ. ఏప్రన్, బానెట్ మొత్తం మీవి. అత్తయ్యగారు చెయ్యి వెయ్యకుండా, అడిగితే చెప్పేలా. మీ మాట నెరవేరుతుంది, తొందరలో తప్పులు జరిగినా చూసేవాళ్ళకి కనపడవు. దీనిలో ఇబ్బంది ఒకటే, ఆవిడ పక్కన కూర్చుని మీ తప్పు చూస్తూ ఊరుకోవడం ఆవిడకీ కష్టం, మీకూ కష్టం. రెండు రాత్రిళ్ళు ఓర్చుకోవాలి.

ఏప్రన్ ఒక సాయంత్రం పని. కోరా గుడ్డ గజం చాలు. ముందు తడిపి ఆరెయ్యండి, లైనింగ్ తడపకుండా జాకెట్టు కుట్టరు కదా. మూడు పక్కలా సన్నగా మడిచి కుట్టి, పై అంచుకి పెద్ద పెద్ద కుట్లు రెండు వరసలు వేసి దారం లాగితే కుచ్చు వస్తుంది, దాన్ని నడుము పట్టీలోకి ఎక్కించండి. ఛాతీ మీదకి చిన్న చతురస్రం, పిల్లలకి భుజాల మీదుగా పట్టీలు. ఆ రోజుల్లో పిల్లలకి రెండో మూడో గౌన్లు ఉండేవి, నీళ్ళు మోసుకొచ్చి చేత్తో ఉతకాలి. మట్టి, సిరా, జావ అన్నీ ఏప్రన్ మీద పడాలి, గౌను మీద కాదు. అందుకే ఏప్రన్ ముడతలు పడ్డా, వంకర కుట్టు పడ్డా బెంగలేదు. ముడతలుంటేనే నిజంగా ఉంటుంది.

బానెట్ చూడ్డానికి భయపెడుతుంది గానీ ముక్కలు మూడే. ముందు అంచు, వెనక తలభాగం, మెడ మీదకి వేలాడే గుడ్డ. టేపుతో ఒక చెవి కింద నుంచి తల మీదుగా ఇంకో చెవి కింద దాకా కొలవండి, అదే ముందు అంచు పొడవు. దాన్ని రెండు పొరలుగా కత్తిరించి, పొరల మధ్య అడ్డంగా అంగుళంన్నర దూరంలో వరసలు కుట్టి ఒక్కో సందులో అట్టముక్క దూర్చండి. పాతకాలంలో సన్నని చెక్కపేళ్ళు, అట్టలు ఇలాగే దూర్చేవారు, ఉతికేటప్పుడు తీసేసేవారు. అట్ట ఒక చివర నుంచి లాగితే వచ్చేలా ఉంచండి. తలభాగాన్ని కుచ్చు పోసి ముందు అంచుకి కలపండి. మెడ గుడ్డ ఎందుకంటే, చెట్టు నీడ లేని మైదానంలో వంగి పని చేసేవాళ్ళ మెడ వెనక భాగమే మొదట కాలేది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా తీసుకోండి. గడ్డం కింద గట్టి ముడి వద్దు, ఆటస్థలంలో ఎక్కడైనా తట్టుకుంటే ప్రమాదం. నాడాల చివర్లకి వెల్క్రో ముక్క పెట్టండి, లాగితే విడిపోవాలి.

అత్తయ్యగారు కింద వేసిన రెండు టక్కుల గురించి మీరు ఉత్తరంలో కోపంగా రాశారు, "ఎవరడిగారు అవి" అని. నాకు అక్కడే ఆగాలనిపించింది. మా అమ్మ నా పట్టు పరికిణీకి మూడు టక్కులు పెట్టించేది. ప్రతి దసరాకి ఒకటి విప్పేది. విప్పిన చోట లోపల దాగిన గుడ్డ ఇంకా కొత్తగా, ముదురు రంగులో ఉండేది, పైదంతా వెలిసి ఉండేది. నేను ఎంత పెరిగానో ఆ గీత చెప్పేది. ప్రెయిరీ మీద తల్లులు కూడా సరిగ్గా అదే చేసేవారు, పిల్లల గౌన్లకి కింద టక్కులు వేసి, పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కొక్కటి వదిలేవారు. మ్యూజియముల్లో ఆ పాత గౌన్లని చూస్తే కుట్టు విప్పిన గీతలు కనపడతాయి. మీ అత్తయ్యగారు ఏ పుస్తకమూ చదవకుండా, తెనాలి అలవాటుతో, ఆ కాలపు గౌనుకి సరిగ్గా సరిపోయే పని చేశారు. పాపని పిలిచి ఆ టక్కులు ఎందుకో నానమ్మనే చెప్పమనండి. మీరు చెప్పకండి. మూడు రోజులుగా గదిలో ఉన్న మనిషికి ఏదో ఒకటి చెప్పే అవకాశం రావాలి.

చివరగా, విప్పేసిన ఆ రెండో ఎడమ చెయ్యి ఎక్కడుందో వెతకండి. అత్తయ్యగారు పారేసి ఉండరు, కుట్టుపని చేసినవాళ్ళు అంత గుడ్డ పారెయ్యరు. దాన్ని ఇస్త్రీ చేసి, వంపులు కత్తిరించి, అరచెయ్యంత చతురస్రం తియ్యండి. మూడు పక్కలా మడిచి ఏప్రన్ కుడివైపున జేబుగా కుట్టండి. పాప ఆ రోజు పలక బలపం అందులో పెట్టుకుంటుంది.